ఉప్పుగూడ చౌకట్టుకు మొలచిన నాలుకలు

మృగశిర కార్తె ప్రవేశించి, పాతనగరమందలి ఇరుకుసందులలో దుమ్మణగి, ఫలక్‌నుమా దిక్కునుండి ఉప్పుగూడ స్టేషనునకు వచ్చు రైలుబండి కూత సైతము తేమగాలిలో మునుపటికంటె దగ్గరగా వినవచ్చు దినములలో ఒకనాటి ఉదయమున, మా పెరటి స్నానాలగది తలుపు చౌకట్టు అడుగున నారింజవన్నె నాలుకలు పదునైదో ఇరువదియో వరుసగా బయటికి చాచుకొని యుండుట చూచితిని. ముట్టినచో చల్లగా, మెత్తగా, జారుడుగా నుండెను. ఒక్కొక్కటి చిటికెనవ్రేలి గోరంత వెడల్పు, సెంటీమీటరుకు కొంచెము మించిన యెత్తు. అంతకుముందటి సాయంకాలము అచ్చట అవి లేవు. వైశాఖమంతయు ఆ కొయ్యను చూచుచునే యుంటిని గాని, బెల్లపుపాకము చింది ఎండిన మరకలవంటి గోధుమరంగు పొక్కులు కొన్ని తప్ప అందు వేరేమియు కానరాలేదు. ఒక్క రాత్రి వానకు ఇంత దేహము ఎక్కడినుండి వచ్చినది?

చౌకట్టు బాగుచేయించుటకై పిలిచిన వడ్రంగి ఆ వింతను చూచి వింతపడలేదు. "ఇవి కట్టె నాలుకలు సార్. గోకితే ఏం ఫాయిదా లేదు. లోపల కట్టె కరాబయింది" అని, తన మాట ఋజువు చేయుటకో యన్నట్లు ఉలిమొన నచ్చట ఆనించెను. సుత్తిదెబ్బ అక్కరలేకయే అది రెండంగుళములు దిగిపోయెను. బయటికి వచ్చిన పొట్టు ముదురు గోధుమరంగున, పాచికలవలె చిన్న చిన్న ఘనములుగా విరిగియుండెను. వ్రేళ్లతో నలిపినంతనే పొడియైనది. వృక్షశాస్త్ర గ్రంథములు పెక్కు పుటలలో చెప్పునట్టి సంగతిని ఆయన రెండు మాటలలో చెప్పివేసినాడు. కావున ఆయన పెట్టిన పేరునే నేనును ఈ వ్యాసమున వాడుకొందును.

కన్నీటి పలక

కట్టెనాలుకకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు డాక్రియోపినాక్స్ స్పాథ్యులేరియా. ఉత్తర అమెరికాలోని కారొలైనా ప్రాంతమున క్రైస్తవ మతాచార్యుడుగా నుండి తీరికవేళల శిలీంధ్రములను సేకరించిన లూయీ డేవిడ్ ష్వైనిట్స్ 1822లో దీనిని తొలుత వర్ణించి, ఇప్పటి పేరుగాక వేరొక ప్రజాతిలో చేర్చెను. ఆ తరువాత చేతులు మారి, 1948లో అమెరికా శిలీంధ్రవేత్త జి. డబ్ల్యు. మార్టిన్ దానిని ప్రస్తుత స్థానమున కూర్చుండబెట్టినాడు. ఆ పేరులో గ్రీకు భాషాపదములు రెండు కలిసియున్నవి: ఒకటి కన్నీటిబొట్టు, రెండవది పలక. స్పాథ్యులేరియా యనగా చిన్న గరిటె ఆకారము కలది యని భావము. కన్నీరు ఉప్పన గదా. ఉప్పు పేర వెలసిన పేటలో కన్నీటిబొట్టు పేరుగల ప్రాణి మొలచుట యాదృచ్ఛికమే యైనను, నాకు ముచ్చట గొలిపినది.

భూమధ్యరేఖకు ఇరుప్రక్కల నున్న ఉష్ణదేశములన్నిటను ఇది కలదు. మన దేశమున వానకాలమునందు అడవిలోని ఎండుమ్రానులమీదను, ఊరిలోని నానిన కర్రలమీదను మొలచును. అయినను చూచిన పదిమందిలో తొమ్మండుగురు దీనిని పువ్వురేకనియో, ఎవరో పారవేసిన మిఠాయి ముక్కయనియో తలచి సాగిపోవుదురు. ఇంత విస్తారముగా నుండియు ఇంత అజ్ఞాతముగా నుండగల ప్రాణి అరుదు.

జెల్లీ శిలీంధ్రములని వ్యవహరింపబడు వాటిలో కొయ్యపై చెవివలె మొలచు ఆరిక్యులేరియా ఒకటి, తెల్లని మల్లెచెండువలె నుండు ట్రెమెల్లా వేరొకటి, మన కట్టెనాలుక మరియొకటి. చూపునకు అన్నదమ్ములవలె నున్నను, వీని వంశములు వేరు. ట్రెమెల్లా ఇతర శిలీంధ్రముల దేహములపై బ్రతుకు పరాన్నజీవి. కట్టెనాలుక కొయ్యను తానే తినును. జెల్లీతన మనునది ఇంటిపేరు కాదు, వేషము. నీటి కరవునకు తట్టుకొనుటకై వేరువేరు వంశములు వేరువేరు కాలములలో ధరించిన వేషము.

నీటితో కట్టిన దేహము

ఆ వేషము ఎట్లు కుదిరినదో తెలియవలెనన్న చార్మినారు దారిలో ఫలూదా అమ్ము దుకాణమున ఒక్క నిమిషము నిలువవలెను. గాజుగ్లాసు అడుగున వేసిన సబ్జాగింజలు ఎండినప్పుడు నువ్వులకంటె చిన్నవి, నల్లనివి, గట్టివి. నీరు పోసిన కొలది నిమిషములలో ఒక్కొక్క గింజ చుట్టును పారదర్శకమగు గుజ్జుపొర ఉబ్బి, గింజ ఎన్నోరెట్లు పెద్దదైనట్లు కనబడును. నిజమునకు గింజ పెరుగలేదు. దానిపై పొరలో చుట్టచుట్టుకొని యున్న పొడవాటి చక్కెరగొలుసులు నీరు తగులగానే విచ్చుకొని, తమ పోగుల నడుమ నీటిని బంధించినవి. ఆ నీరు కారిపోదు, పారిపోదు, గుజ్జుగా నిలిచిపోవును.

శిలీంధ్రముల దేహమంతయు సన్నని దారముల అల్లిక. సాధారణపు పుట్టగొడుగులో ఆ దారములు లోపలి నీటి ఒత్తిడిచే బిర్రుగా నిలిచి గొడుగును మోయును. ఎండ తగిలి నీరు తగ్గినంతనే ఆ గొడుగు వాలిపోవును, మరల లేవదు. కట్టెనాలుకలో అట్లు కాక, దారముల గోడలకు వెలుపల సబ్జాపొరవంటి చక్కెరగొలుసుల పూత దట్టముగా నుండును. వాన పడినపుడు ఆ పూత నీటిని పీల్చి ఉబ్బును. వాన వెలిసిన పిమ్మట ఆ నీటిని లోభివలె కొంచెము కొంచెముగా మాత్రమే గాలికి వదలును. మొత్తము ఎండినపుడు ముడుచుకొని, కొమ్ముపెచ్చువలె గట్టిపడి, కొయ్యకు అంటుకొని పోవును. వైశాఖమున నేను చూచిన పాకపు మరక అదియే.

సబ్జాకును దీనికిని ఒక ముఖ్యమైన భేద మున్నది. ఫలూదాలో ఉబ్బిన సబ్జా త్రాగువాని కడుపులోనికి పోవును, కథ ముగియును. కట్టెనాలుక మాత్రము ఎండుట, ఉబ్బుట అను ఈ వ్యాపారమును పలుమార్లు చేయగలదు. ఎండినపుడు కణముల పొరలు చిరుగకుండ కాపాడుటకు శిలీంధ్రకణములలో ట్రెహలోస్ అను చక్కెర తోడ్పడును. దాని నారింజవన్నె కూడ అలంకారము కొరకు కాదు. క్యారెట్టునకు రంగు నిచ్చు కెరోటిన్ వర్గపు ద్రవ్యములే ఇందును గలవు. ఎండలో నిలువున నిలువవలసిన లేత కణములకు వెలుతురు చేయు కీడును అవి తగ్గించునని చెప్పుదురు.

కనుక మొదటి ప్రశ్నకు సమాధానము సగము దొరికినది. ఆ దేహము రాత్రికి రాత్రి పుట్టలేదు. అందు అధికభాగము నీరే. మిగిలిన కొంచెము ముందే అచ్చట ముడుచుకొని యుండెను. హైదరాబాదున ఏటా పడు వర్షము సుమారు 800 మిల్లీమీటర్లు, అందును ముప్పాతికవంతు జూను మొదలు సెప్టెంబరు వరకు నాలుగు మాసములలోనే కురియును. మిగిలిన ఎనిమిది మాసములు కాచుకొని యుండగల ప్రాణికే ఈ నగరమున కొయ్యమీద బ్రతుకు సాగును.

ఏనుగు పట్టని గల్లీలు

సమాధానపు రెండవ సగము కొయ్య లోపల నున్నది. మనము చూచు నాలుక శిలీంధ్రపు పండు వంటిది మాత్రమే. చెట్టు వేరుగా, చౌకట్టు లోపల దారములుగా వ్యాపించి, ఒకటి రెండేండ్లనుండి భోజనము చేయుచున్నది. వడ్రంగి గోకుడు నిరర్థకమన్నది ఇందుకే. మామిడిచెట్టు పండ్లు కోసినంత మాత్రమున చెట్టు చచ్చునా?

కొయ్యను కాంక్రీటు స్తంభముతో పోల్చవచ్చును. అందలి సెల్యులోజు పోగులు ఇనుపకమ్ములు; వాని నడుమ నిండిన లిగ్నిన్ అను గట్టి ద్రవ్యము సిమెంటు. కట్టెనాలుక చేరిన శిలీంధ్రవర్గము కమ్ములను లాగుకొని తిని, సిమెంటును చాలమేరకు విడిచిపెట్టును. మిగిలిన లిగ్నిన్ గోధుమవన్నెది గనుక దీనికి గోధుమకుళ్లు అని పేరు. కమ్ములు పోయిన స్తంభము ఆకారమున నిలిచియుండియే బలము కోల్పోవును. బరువులో పదింట ఒక వంతైనను తగ్గకముందే కొయ్య తన శక్తిలో పెద్దభాగమును పోగొట్టుకొనును. పిమ్మట ఎండి కుంచించుకొనునపుడు అడ్డముగను నిలువుగను చీలి, నేను చూచిన పాచికలుగా విరుగును. పైకి రంగువేసి నున్నగా నున్న చౌకట్టు ఉలికి లొంగిపోవుటలోని మర్మ మిది.

ఇచ్చట ఒక చిక్కున్నది. సెల్యులోజును కోయు ఎంజైములు పెద్ద అణువులు. చెడని కొయ్యలోని రంధ్రములు అతి సూక్ష్మములు. పాతనగరపు గల్లీలలో ఏనుగును నడిపింప బూనినట్టి కష్టము. బోనాల ఘటముల ఊరేగింపులో ఏనుగు పెద్దబాటనే నడచును గాని సందులలోనికి పోలేదు. సందులలోనికి దూరువారు పిల్లలే. గోధుమకుళ్లు కలిగించు శిలీంధ్రములును అట్టి పిల్లలనే ముందు పంపును. కొయ్యలో సహజముగా నుండు రవ్వంత ఇనుమును చిన్న అణువుల సాయమున వశము చేసికొని, దానిని హైడ్రోజన్ పెరాక్సైడుతో కలుపును. గాయములు కడుగుటకు మందుల అంగడిలో అమ్మునది ఆ పెరాక్సైడే. ఆ రెండింటి కలయికవలన ఒక క్షణములో కొన్ని కోట్లవ వంతైనను నిలువని, కాని ఎదుటపడిన దానినెల్ల తెంపివేయు మిక్కిలి తీక్ష్ణమైన అణుఖండము జనించును. అది సెల్యులోజు పోగులను అక్కడక్కడ తెంపి దారి చేసిన పిమ్మట ఎంజైములు వెనుక వచ్చి మిగిలిన పని పూర్తిచేయును.

ఈ దారములకు వలసినది ముఖ్యముగా తేమ. కొయ్యలో తేమ నూటికి ఇరువదిపాళ్లకు దిగువ నున్నంతకాలము ఏ కుళ్లును సాగదు. టేకుచేవకు దీని కోరలు సులభముగా దిగవు గాని, చేవకు వెలుపలి తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. మా చౌకట్టు చేసినవారు చేవ ఏదో తెల్లచెక్క ఏదో చూడక, కొసను నేలలో పూడ్చి సిమెంటు చేసిరి. కుళాయినీరు నిత్యము అచ్చటికే పారును. నేరము నాలుకది కాదని వేరే చెప్పనక్కరలేదు.

చట్రము: బొగ్గుగనులును, కట్టెనాలుక చుట్టమును

2012లో 31 శిలీంధ్రముల జన్యురాశులను పోల్చిచూచిన అంతర్జాతీయ బృందమొకటి ఆ జాబితాలో డాక్రియోపినాక్స్ జాతి నొకదానిని చేర్చినది. లిగ్నిన్‌ను సమూలముగా విరుగగొట్టు ప్రత్యేకమగు ఎంజైములు సుమారు 29 కోట్ల యేండ్ల క్రిందట ఒక శిలీంధ్రవంశమున పుట్టినవని వారు లెక్కకట్టిరి. కట్టెనాలుక చుట్టములో ఆ ఎంజైములు లేవు. దాని వంశము అంతకుముందే వేరుపడినది. బొగ్గుగా మారిన మహారణ్యముల కాలము అంతమగుటకు ఈ ఎంజైముల పుట్టుక ఒక కారణము కావచ్చునని ఆ బృందము సూచించెను. ఎన్నో పత్రికలు దానిని సిద్ధాంతమువలె ప్రచారము చేసినవి. నాకు మాత్రము ఈ ఊహ పూర్తిగా రుచింపలేదు. మన గోదావరి లోయయందలి సింగరేణి బొగ్గు పెర్మియను యుగమునకు చెందినది, అనగా ఆ లెక్క చెప్పిన కాలమునకు తరువాతనే పెక్కుపొరలుగా పేరుకొన్నది. ఎంజైము పుట్టినంతనే బొగ్గు ఆగిపోలేదు. కొయ్య కుళ్లకుండ పూడిపోవుటకు బురదనీటి మడుగులును, క్రుంగుచున్న నేలయు ఎంత కారణములో అన్వేషించిన పండితులు 2016లో ఆ ఊహను గట్టిగానే ప్రశ్నించిరి.

నీటిబొట్టు ఒడిసెల

నాలుక బయటికి వచ్చినది దేనికి? విత్తనములు చల్లుటకు. దాని ఒకప్రక్క ముఖమున లక్షలకొలది కణములు మిక్కిలి దట్టముగా నిలిచియుండును. ఒక్కొక్క కణము పైన రెండుగా చీలి, పిల్లలు పిట్టలను కొట్టు పంగలకర్ర ఆకారమున నుండును. ఆ రెండు కొసలయందును ఒక్కొక్క బీజము. కట్టెనాలుక కుటుంబమును సూక్ష్మదర్శినిలో గుర్తుపట్టుటకు ఈ పంగలే మొదటి ఆనవాలు. ఆ బీజములు నూటిని ఒకదానిప్రక్క నొకటి పొడవుగా పేర్చినచో మిల్లీమీటరు దూరము వచ్చును.

ఆకారమే కాక, పనియు పంగలకర్రదే. కాని రబ్బరుపట్టీకి బదులు ఇచ్చట నీటిబొట్టు. బీజము మొదట, అది కొసకు అంటుకొన్న చోట, కొద్దిపాటి చక్కెరవంటి ద్రవ్యము ఊరును. అది చుట్టునున్న తడిగాలిలోని ఆవిరిని లాగుకొని చిన్న బొట్టుగా పెరుగును. బీజపు ప్రక్కభాగమున పలుచని నీటిపొర వేరుగా ఏర్పడును. బొట్టు పెరిగి పెరిగి ఆ పొరను తాకినంతనే ఏమగునో చేమాకుమీద నీరు చిలికిన పిల్లవానికి తెలియును: రెండు బొట్లు తాకిన క్షణమున ఒకటి రెండవదానిలోనికి ఉరికి కలిసిపోవును. ఆ ఉరుకుడులోని ఊపే బీజమును కొసనుండి ఎగురగొట్టును. వేగము సెకనుకు సుమారు ఒక మీటరు, అనగా మనము నింపాదిగా నడచునంత. కాని నిశ్చలముగా నున్నది ఆ వేగమును సెకనులో లక్షవవంతు కాలముననో, ఇంకను తక్కువలోనో అందుకొనవలెను గనుక, బీజముపై పడు త్వరణము భూమ్యాకర్షణకు సుమారు పదివేల రెట్లు, లేదా అంతకు మించి. ఇంత హడావుడి చేసి అది పోవునది మిల్లీమీటరుకు అటో ఇటో. అంతకుమించి అక్కరలేదు. నాలుకకు అంటియున్న నిశ్చలమైన గాలిపొరను దాటినచాలు, ఆవలి గాలి తానే మోసికొనిపోవును.

కెనడాలోని విన్నిపెగ్ నగరమున పనిచేసిన రెజినాల్డ్ బుల్లర్ ఈ బొట్టును ఏండ్ల తరబడి సూక్ష్మదర్శినిలో చూచి వర్ణించెను. అందుచే శాస్త్రమున దానికి బుల్లరు బొట్టు అని పేరు నిలిచినది. ఐన్‌స్టీను సిద్ధాంతముమీద వెలుతురుకంటె వేగముగ పోవు యువతిని గూర్చి 1923లో ఆంగ్లమున ఒక హాస్యపద్యము వ్రాసి ప్రసిద్ధి కెక్కినవాడును ఆయనయే. నీటిబొట్టును అంతకాలము పరిశీలించిన వాడు వెలుతురు వేగముతో పరిహాసమాడుట సహజమే యనిపించును.

ఇప్పుడు జెల్లీయొక్క ప్రయోజనము మరింత తేటపడుచున్నది. బొట్టు పెరుగవలెనన్న నాలుక చుట్టును గాలి తడిగా నుండవలెను. వాన వెలిసి గోడలు ఆరిపోయిన పిమ్మట కూడ గుజ్జులో దాచిన నీరు ఆ తడిని మరికొన్ని గంటలు నిలుపును. ప్రక్కనున్న రాళ్లు ఆరిన పిమ్మటనే బీజములు గాలికెక్కుటకు మంచి అదను వచ్చును.

చెరచువాడే కాపాడువాడు

కొయ్యను చెరచు ఈ ప్రాణి ఇటీవల మరియొక చోట ఉద్యోగమున చేరినది. గ్లూకోజు ద్రావణమున దీనిని పెద్ద తొట్టెలలో పెంచినచో, అది గ్లైకోలిపిడ్లు అను ద్రవ్యమును విసర్జించును. పొడవైన కొవ్వుగొలుసు ఒకటి, దానికి తగిలించిన మూడు చక్కెరల తోక ఒకటి, ఇది దాని నిర్మాణము. కొవ్వుభాగమునకు నూనెయందు మక్కువ, చక్కెరభాగమునకు నీటియందు మక్కువ. మన కుంకుడురసమున నురుగు నిచ్చు ద్రవ్యమునకును ఇట్టి రెండు మొగములే యుండుటచేత అది జిడ్డును పట్టి నీటిలో కలుపగలదు. శిలీంధ్రపు ద్రవ్యము పానీయములను పులియజేయు బూజు, ఈస్టు మొదలగు సూక్ష్మజీవుల కొవ్వుపొరలలోనికి దూరి వానిని చెదరగొట్టును. లోపలిది బయటికి కారి ఆ జీవి నశించును. తన కొయ్యముక్కను ఇతర బూజులు ఆక్రమింపకుండుటకే ఇది ఆ ఆయుధమును చేసికొన్నదని ఊహింపవచ్చును.

ఆవకాయ జాడీలో ఉప్పు చేయు పనికిని దీనికిని పోలిక చూడుడు. ఉప్పు సూక్ష్మజీవి లోపలి నీటిని బయటికి లాగును. ఇది ఆ నీటిని కాపాడు పొరకే చిల్లు పెట్టును. ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2021లో దీనిని పరీక్షించి, శరీరపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 10 మిల్లీగ్రాముల వరకు సురక్షితమని నిర్ణయించినది. అనగా 50 కిలోల మనిషికి 500 మిల్లీగ్రాములు. మరుసటి యేట, 2022లో, ఐరోపా సంఘము దానిని ఇ 246 అను సంఖ్యతో ఆహారసంరక్షకముగా అనుమతించెను. జర్మనీ దేశపు లాంక్సెస్ సంస్థ దానిని నగార్డో అను పేర శీతలపానీయముల తయారీదారులకు విక్రయించుచున్నది. సీసా వెనుక సన్నని అక్షరములలో నుండు సంఖ్యల వెనుక ఇట్టి నారింజ నాలుక యున్నదని ఎవడు తలచును?

చట్రము: తినవచ్చునా?

చీనాదేశమున కట్టెనాలుకను పారిజాతమును పోలిన ఒక సుగంధపుష్పము పేరిట పిలిచి, శాకాహారపు వంటకములలో కొందరు వాడుదురు. ఇది చదివి పెరటి చౌకట్టును గోకి కూర చేయబూనవలదు. ఊరి కొయ్యలకు రంగులు, చెదలమందులు, తారునూనెలు పూసియుండును. శిలీంధ్రదేహము తన చుట్టునున్న లోహములను విషములను పీల్చుకొని నిలువచేయగలదు. పైగా మెత్తగా నారింజరంగున నుండు శిలీంధ్రమెల్ల కట్టెనాలుక కాదు. పంగల ఆనవాలు కంటికి కనబడదు.

వడ్రంగి చౌకట్టు అడుగుభాగమును జానెడు కోసివేసి, చేవగల టేకుముక్కను అతికి, నేలకు తగులకుండ రాతిపలకపై నిలిపెను. తీసివేసిన ముక్కలలో నాలుకలు మొలచినదాని నొకదానిని నేను దాచుకొంటిని. ఆషాఢమున మహంకాళి గుడి బోనాలు సాగినన్నాళ్లు కిటికీలో అది నారింజవన్నెతోనే యుండెను, కార్తికమున ముడుచుకొనెను, శిశిరమునకు గోధుమరంగు పొక్కుగా మారెను. మాఘమాసమున ఒకనాడు, నమ్మకము లేకయే, చెంచాడు నీరు దానిమీద పోసి ఫలక్‌నుమా వరకు పోయి వచ్చితిని. తిరిగి వచ్చునప్పటికి ఒక అంచు మెత్తబడి, వేలితో నొక్కినచో లోనికి పోయి మరల పైకి వచ్చుచుండెను. రంగు ఇంకను రాలేదు. మరియొక చెంచాడు నీరు పోసితిని.